కాటా గదిలోని పాత కంప్యూటరు నుంచి ఫైలు బయటికి తేవడం: సీరియల్ కేబుల్ మీద బైనరీ ఫైళ్ల బదిలీకి సమగ్ర మార్గదర్శి

రాజోలు వైపు ఒక రైస్ మిల్లు. గేటు పక్కనే లారీ కాటా, దాన్ని ఆనుకుని చిన్న గది. ఆ గదిలో డాస్ 6.22 అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే కంప్యూటరు ఒకటి ఉంది. సార్వాలో, దాళ్వాలో మిల్లుకొచ్చిన ప్రతి ధాన్యం లారీ తూకం అందులో ఒకే ఒక్క డీబీఎఫ్ (డేటాబేసు పట్టిక) ఫైలులో ఉంది. ఫ్లాపీ డ్రైవు ఊక దుమ్ముకి ఎప్పుడో పోయింది. యూఎస్‌బీ లేదు, నెట్‌వర్క్ కార్డు లేదు. హార్డ్ డిస్కు తిరిగేటప్పుడు కీచుమని శబ్దం మొదలైంది. "ఏవండీ, ఇది ఆగిపోతే పాత లెక్కలన్నీ పోయినట్టేనాండి?" అని గుమాస్తా గారు అడిగారు. పోకుండా కాపాడే దారి ఆ పెట్టె వెనకే ఉంది. తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు.

కాటా ఇండికేటరు బరువుని కంప్యూటరుకి పంపేది ఆ పోర్టు గుండానే. కాబట్టి ఏ కాటా గదిలో చూసినా కంప్యూటరుకి సీరియల్ పోర్టు ఒకటైనా ఉంటుంది. ఐస్ ప్లాంటులో కంట్రోల్ ప్యానెల్ అయినా, చెరువు గట్టు మీద బోర్డు అయినా, పాత రూటరు అయినా చివరికి మనకి మిగిలే తలుపు ఇదే.

హార్డ్ డిస్కు ఊడదీసి అడాప్టరుతో ల్యాప్‌టాప్‌కి పెట్టొచ్చు కదా అని అడుగుతారు. డిస్కు ఆరోగ్యంగా ఉంటే అదే త్వరగా అయ్యే పని. కానీ 90లలో వచ్చిన చిన్న డిస్కులని చాలా యూఎస్‌బీ అడాప్టర్లు గుర్తుపట్టవు. పైగా కీచుమంటున్న డిస్కుని ఒకసారి ఆపితే మళ్లీ తిరుగుతుందన్న నమ్మకం లేదు. తిరుగుతున్నప్పుడే డేటా తీసుకోవాలి. నేను సీరియల్ దారిని ఎంచుకునేది అందుకే.

ఒక సూచన. కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాశాను. కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి.

ముందు ఫైలు కొలవండి

9600 వేగం అంటే సెకనుకి 9600 బిట్లు. ఒక్కో బైటుకి డేటా బిట్లు 8, ముందు ఒక స్టార్ట్ బిట్, వెనక ఒక స్టాప్ బిట్, మొత్తం 10. అంటే సెకనుకి 960 బైట్లు. ఈ లెక్క మనసులో ఉంటే ఎంతసేపు పడుతుందో ముందే తెలుస్తుంది, మధ్యలో టెన్షన్ ఉండదు. 1.44 ఎంబీ ఫ్లాపీలో పట్టే 14,74,560 బైట్లు 9600 మీద పంపితే 25 నిమిషాలు దాటుతుంది. 1,15,200 మీద 2 నిమిషాల 8 సెకన్లు చాలు.

మిల్లులో ఫైలు 52,000 తూకాలతో 61,36,482 బైట్లు ఉంది. 9600 మీద గంటా 47 నిమిషాలు. అంతసేపు కరెంటు ఉంటుందని నమ్మి కూర్చోలేం. అందుకే జిప్ చేయాలి. డీబీఎఫ్‌లో ప్రతి గడికీ వెడల్పు ముందే నిర్ణయమై ఉంటుంది. రైతు పేరుకి 30 అక్షరాల చోటు ఇచ్చి పేరు 8 అక్షరాలే ఉంటే మిగతా 22 ఖాళీలతో నిండుతాయి. అలాంటి ఫైలు జిప్‌లో బాగా కుదించుకుపోతుంది. మాది 740 కిలోబైట్లకి వచ్చింది, అంటే 9600 మీద 13 నిమిషాల పని. జిప్‌తో ఇంకో లాభం ఏమిటంటే, దాని లోపల ప్రతి ఫైలుకీ సీఆర్‌సీ-32 అనే సరిచూపు సంఖ్య రాసి ఉంటుంది. చివర్లో అది చాలా అక్కరకొస్తుంది.

డాస్ కంప్యూటరులో జిప్ చేసే పీకేజిప్ ప్రోగ్రాము ఉందేమో ముందు వెతకండి. లేకపోతే కంగారు పడకండి, దాన్ని లోపలికి పంపే దారి కూడా కింద చెబుతాను.

కేబుల్ దగ్గర తొందరపడొద్దు

నేను చూసిన విఫల ప్రయత్నాల్లో సగానికి పైగా కేబుల్ దగ్గరే ఆగిపోయాయి. రెండు కంప్యూటర్లని కలపడానికి మామూలు సీరియల్ కేబుల్ పనికిరాదు, నల్ మోడెమ్ కేబుల్ కావాలి. ఒకరు పంపేది రెండోవారి వినే పిన్నుకి వెళ్లాలి కదా. తొమ్మిది పిన్నుల కనెక్టరులో 2వది వినేది, 3వది పంపేది, 5వది గ్రౌండు. కాబట్టి ఇటు 2 అటు 3కి, ఇటు 3 అటు 2కి, 5 నుంచి 5కి. పాత కంప్యూటరు మీద 25 పిన్నుల సీరియల్ పోర్టు ఉంటే అక్కడ లెక్క తిరగబడుతుంది: 2వది పంపేది, 3వది వినేది, 7వది గ్రౌండు. కంప్యూటరు వెనక 25 రంధ్రాల ఆడ కనెక్టరు కనిపిస్తే అది ప్రింటరు పోర్టు, దాని జోలికి వెళ్లకండి. పిన్నులు బయటికున్న మగ కనెక్టరే సీరియల్.

మూడు వైర్లతో చాలా ప్రోగ్రాములు పనిచేస్తాయి. కానీ డాస్‌లోని కాపీ కమాండు బయాస్ (కంప్యూటరులోనే ఉండే మూల ప్రోగ్రాము) ద్వారా పోర్టుని వాడుతుంది. అవతల మనిషి ఉన్నాడని 6వ పిన్ను మీద, పంపొచ్చని 8వ పిన్ను మీద సంకేతం కనిపిస్తే తప్ప బయాస్ కదలదు. మూడు వైర్ల కేబుల్‌తో కాపీ ఎంతకీ సాగకపోవడానికి కారణం ఇదే. దీనికి తేలిక ఉపాయం ఉంది. డాస్ వైపు కనెక్టరులోనే 7, 8 పిన్నులని చిన్న వైరు ముక్కతో కలిపి టంకం పెట్టండి. 1, 4, 6 పిన్నులని ఇంకో ముక్కతో కలపండి. కంప్యూటరు ఇచ్చే సంకేతమే తిరిగి దానికే అందుతుంది, పని సాగుతుంది. నా సంచిలో ఇలా చేసిన కేబుల్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

ల్యాప్‌టాప్ వైపు యూఎస్‌బీ సీరియల్ అడాప్టరు కావాలి. కొనేటప్పుడు తొమ్మిది పిన్నుల ఆర్‌ఎస్-232 అడాప్టరే అడగండి. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో నాలుగు వైర్లు వేలాడే చిన్న టీటీఎల్ అడాప్టర్లు కూడా దొరుకుతాయి. అవి 3.3 లేదా 5 వోల్టుల మీద పనిచేస్తాయి. ఆర్‌ఎస్-232లో వోల్టేజీ ప్లస్ 15 నుంచి మైనస్ 15 దాకా ఉండొచ్చు. ఆ చిన్న అడాప్టరుని డాస్ కంప్యూటరుకి నేరుగా తగిలిస్తే చిప్ కాలిపోతుంది. అలాగే చెరువు గట్టు మీద బోర్డులో ఉండే టీటీఎల్ పిన్నులకి ఆర్‌ఎస్-232 కేబుల్ పెడితే ఆ బోర్డు పోతుంది. మధ్యలో మ్యాక్స్-232 లాంటి మార్పిడి చిప్ ఉండాల్సిందే.

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. సన్న గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, కాంటాక్ట్ క్లీనరు కొట్టి, ఆరాక పెట్టండి. తర్వాత మల్టీమీటరు తీసుకోండి. నల్ల ప్రోబు 5వ పిన్నుకి, ఎర్ర ప్రోబు 3వ పిన్నుకి పెట్టండి. పోర్టు బతికే ఉంటే ఖాళీగా ఉన్నప్పుడు మైనస్ 3 నుంచి మైనస్ 15 మధ్య చూపిస్తుంది. సున్నా చూపిస్తే పోర్టు పోయిందో, బయాస్‌లో ఆపేసి ఉందో చూడాలి.

ఇక లూప్‌బ్యాక్ పరీక్ష. అడాప్టరు మీద 2, 3 పిన్నులని చిన్న వైరుతో కలిపి, టెర్మినల్ ప్రోగ్రాములో (పోర్టు గుండా అక్షరాలు పంపి, వచ్చినవి చూపించేది) లోకల్ ఎకో, అంటే కొట్టినదాన్ని తనే తెర మీద చూపించే సెట్టింగు, ఆపేసి, ఏదైనా టైపు చేయండి. కొట్టిన అక్షరం తెర మీద కనిపిస్తే ఇటు వైపు అంతా సరిగ్గా ఉన్నట్టు. అదే పరీక్ష కేబుల్ అవతలి చివర కూడా చేయండి. ఈ రెండు నిమిషాలు ఖర్చుపెడితే తర్వాత గంటలు మిగులుతాయి.

ల్యాప్‌టాప్ ఛార్జరు తీసేసి బ్యాటరీ మీదే నడపండి. కాటా గది ఎర్తు, ఆఫీసు ఎర్తు ఒకటే స్థాయిలో ఉండకపోవచ్చు. ఆ తేడా మన గ్రౌండు వైరు గుండా ప్రవహిస్తే పోర్టులు పోతాయి. ఉరుములు మొదలైతే కేబుల్ పీకేయండి. ఆర్‌ఎస్-232కి 15 మీటర్లు దాటిన కేబుల్ మంచిది కాదు కాబట్టి ఆఫీసు దాకా వైరు లాగకుండా ల్యాప్‌టాప్‌నే కాటా గదిలోకి తీసుకెళ్లండి.

వేగం, సెట్టింగులు

రెండు వైపులా నాలుగు విషయాలు ఒకేలా ఉండాలి: వేగం, డేటా బిట్లు 8, పారిటీ (తప్పు పట్టే అదనపు బిట్) లేదు, స్టాప్ బిట్ 1. డాస్‌లో అయితే మోడ్ కామ్1:9600,ఎన్,8,1 అని కొట్టాలి. విండోస్ ల్యాప్‌టాప్‌లో డివైస్ మేనేజరు తెరిస్తే అడాప్టరుకి ఏ కామ్ నంబరు వచ్చిందో కనిపిస్తుంది. లినక్స్‌లో టీటీవై-యూఎస్‌బీ-0 అనే పేరుతో వస్తుంది. అనుమతి లేదంటే మీ యూజరుని డయల్‌అవుట్ గ్రూపులో చేర్చాలి.

ఎంత వేగం పెట్టొచ్చన్నది డాస్ కంప్యూటరులో సీరియల్ పోర్టుని నడిపే యూఆర్ట్ చిప్ చెబుతుంది. డాస్ 6తో వచ్చిన ఎంఎస్‌డీ ప్రోగ్రాము నడిపి కామ్ పోర్టుల పేజీ చూడండి, చిప్ పేరు అక్కడుంటుంది. 8250 అని ఉంటే దానికి ఒక్క బైటు దాచుకునే చోటే ఉంది. ఆ బైటుని ప్రాసెసరు తీసుకునేలోపు రెండోది వస్తే మొదటిది పోయినట్టే. 16550ఏ అని ఉంటే 16 బైట్లు దాచుకుంటుంది, 1,15,200 మీద కూడా తట్టుకుంటుంది. మనం డాస్ నుంచి బయటికి పంపేటప్పుడు ఈ ఇబ్బంది పెద్దగా లేదు, వినేది ల్యాప్‌టాప్ కాబట్టి. డాస్ లోపలికి పంపేటప్పుడే బైట్లు జారిపోతాయి. 8250 ఉంటే లోపలికి 9600 దాటొద్దని నా సలహా.

17, 19, 26: దారిలో మాయమయ్యే బైట్లు

ఈ పనిలో అసలు కిటుకంతా ఇక్కడుంది, కాస్త నిదానంగా చదవండి.

టెక్స్ట్ ఫైలులో అక్షరాలూ అంకెలూ ఉంటాయి. బైనరీ ఫైలులో 0 నుంచి 255 దాకా ఏ విలువైనా రావచ్చు. సీరియల్ లైన్ పుట్టింది టెలిప్రింటర్ల కాలపు అలవాట్లతో. అందులో కొన్ని విలువలకి సొంత అర్థాలున్నాయి. 19 అంటే "ఆపు", 17 అంటే "మళ్లీ మొదలుపెట్టు". పంపడాన్ని ఇలా అదుపు చేయడమే ఫ్లో కంట్రోల్, ఈ పద్ధతి పేరు ఎక్సాన్-ఎక్సాఫ్. డాస్‌లో 26 అంటే "టెక్స్ట్ ఫైలు ఇక్కడితో అయిపోయింది". లినక్స్‌లో పోర్టుని రా మోడ్‌లో (బైట్లని మార్చకుండా వదిలే తీరులో) పెట్టకపోతే 13 వచ్చినప్పుడల్లా దాన్ని 10గా మార్చేస్తుంది. ఫైలులో ఆ విలువ డేటాగా వచ్చినా సరే, లైన్ దాన్ని ఆజ్ఞగానే తీసుకుంటుంది.

మిల్లులో ఏం జరిగిందో చెబుతాను. మొదట జిప్ లేకుండా డీబీఎఫ్‌నే ఎక్స్‌మోడెమ్ అనే బదిలీ పద్ధతి (ప్రోటోకాల్) మీద పంపి చూశాం. అంతకుముందు ఒకటిన్నర కిలోబైట్ల చిన్న ఫైలు చక్కగా వచ్చింది. డీబీఎఫ్ మాత్రం మొదటి బ్లాకు దగ్గరే ఆగిపోయింది. మూడుసార్లు అంతే. కేబుల్ మార్చాం, వేగం 2400కి తగ్గించాం, మార్పు లేదు. ఆరోజు 20వ తేదీ. గుమాస్తా గారిని అడిగాను, ఆఖరి తూకం ఎప్పుడు పడిందని. "నిన్న సాయంత్రం పడిందండి, 19న" అన్నారు.

డీబీఎఫ్ ఫైలు మొదట్లో ఫైలు గురించిన వివరాలుంటాయి. మొదటి బైటు 3, రెండోది సంవత్సరం, మూడోది నెల, నాలుగోది తేదీ, అంటే ఫైలుని ఆఖరిసారి మార్చిన రోజు. 19న మార్చిన ఫైలులో నాలుగో బైటు 19. నా ల్యాప్‌టాప్ టెర్మినల్‌లో ఫ్లో కంట్రోల్ ఎక్సాన్-ఎక్సాఫ్ మీద ఉండిపోయింది. నాలుగో బైటు రాగానే "ఆపు" అన్నారనుకుని అది పంపడం మానేసింది, బ్లాకు అందిందన్న జవాబు కూడా వెళ్లలేదు. ఫ్లో కంట్రోల్ "లేదు" అని మార్చగానే ఫైలు కదిలింది.

అదే ఫైలు 26వ తేదీన మారి ఉంటే ఇంకో చిక్కు వచ్చేది. డాస్ కాపీ కమాండుతో /బీ (ఇది బైనరీ అని చెప్పే గుర్తు) పెట్టకుండా పంపితే దాన్ని టెక్స్ట్ అనుకుని నాలుగో బైటు దగ్గర ముగిసిందంటుంది. అవతల మూడు బైట్ల ఫైలు వస్తుంది.

దీన్నుంచి రోగ నిర్ధారణకి మంచి గుర్తులు దొరుకుతాయి. ఎక్స్‌మోడెమ్ ఫైలుని 128 బైట్ల బ్లాకులుగా విడగొడుతుంది. ప్రతి బ్లాకు ముందు దాని వరుస సంఖ్య, ఆ వెంటనే 255 లోంచి ఆ సంఖ్యని తీసేయగా వచ్చినది ఉంటాయి. 17వ బ్లాకు వరుస సంఖ్య 17. ఎక్సాన్-ఎక్సాఫ్ వెలిగి ఉంటే ఆ బైటుని లైన్ మింగేస్తుంది. కాబట్టి ఫైలులో ఏమున్నా సరే, 16 బ్లాకులు దాటదు. 16 ఇంటూ 128 అంటే 2048. బదిలీ సరిగ్గా 2048 బైట్ల దగ్గర ఆగిందంటే ఫ్లో కంట్రోల్ చూడండి. మా ఒకటిన్నర కిలోబైట్ల ఫైలు ఇబ్బంది లేకుండా రావడానికి కారణం ఇదే, అది 17వ బ్లాకు దాకా వెళ్లనే లేదు. ఇక మొదటి బ్లాకే ఎప్పటికీ దాటకపోతే డేటా బిట్లు 7 మీద ఉన్నాయేమో చూడండి. మొదటి బ్లాకులో 1 తర్వాత 254 రావాలి. ఏడు బిట్లలో 127 మించి పట్టదు, అది 126గా మారిపోయి బ్లాకు తప్పవుతుంది.

ఏ ప్రోటోకాల్ వాడాలి

ఎక్స్‌మోడెమ్‌ని 1977లో వార్డ్ క్రిస్టెన్సెన్ రాశారు. అది నరసాపురం రేవులో పంటు లాంటిది. ఒక లోడు సఖినేటిపల్లి ఒడ్డుకి చేరి, పంటు తిరిగొచ్చాకే రెండో లోడు ఎక్కుతుంది. ఒక బ్లాకు పంపుతుంది, అందిందని 6 అనే బైటు వచ్చేదాకా ఆగుతుంది. తప్పుగా అందితే 21 వస్తుంది, అదే బ్లాకు మళ్లీ పంపుతుంది. పాతది ఏదైనా సరే, దీన్ని అర్థం చేసుకుంటుంది, అదే దీని బలం. లోపాలు మూడు. ఫైలు పేరు, పరిమాణం పంపదు. ఆఖరి బ్లాకు నిండకపోతే మిగతాది 26లతో నింపుతుంది. మూడోది సరిచూపు: మొదటి రకం ఎక్స్‌మోడెమ్ 128 బైట్లనీ కూడి, 256తో భాగించి, శేషం పంపుతుంది. రెండు బైట్లు ఒకదాని చోటులో ఒకటి పడితే కూడిక మారదు, తప్పు దొరకదు. కాబట్టి మెనూలో ఎక్స్‌మోడెమ్-సీఆర్‌సీ కనిపిస్తే దాన్నే ఎంచుకోండి.

యూఎస్‌బీ అడాప్టరుతో ఎక్స్‌మోడెమ్ నత్తనడక నడవడానికీ కారణం ఈ ఎదురుచూపే. కొన్ని అడాప్టర్లు వచ్చిన బైట్లని 16 మిల్లీసెకన్ల దాకా పోగేసి ఇస్తాయి. 1,15,200 మీద ఒక బ్లాకు ప్రయాణం 12 మిల్లీసెకన్ల లోపే. ప్రయాణం కంటే వేచి ఉండడమే ఎక్కువన్నమాట. డివైస్ మేనేజరులో లేటెన్సీ టైమరు ఉంటే 1కి తగ్గించండి.

చక్ ఫోర్స్‌బర్గ్ రాసిన వైమోడెమ్ ఫైలు పేరు, పరిమాణం ముందే పంపుతుంది. ఆయనే 1986లో తెచ్చిన జెడ్‌మోడెమ్ చించినాడ వంతెన లాంటిది, ఒకదాని వెనక ఒకటి ఆగకుండా వెళ్లిపోతాయి. తప్పు వస్తేనే వెనక్కి పిలుస్తుంది. 17, 19 లాంటి బైట్లని వేషం మార్చి పంపుతుంది కాబట్టి లైన్ వాటిని మింగలేదు. అన్నిటికంటే ముఖ్యం, కరెంటు పోయి ఆగిపోతే ఆగిన చోటు నుంచే కొనసాగించగలదు. రెండు వైపులా జెడ్‌మోడెమ్ ఉంటే ఇంకేమీ ఆలోచించకండి.

ఏడు బిట్లే వెళ్లే లైన్, లేదా ఏ బైటు ఎక్కడ మాయమవుతుందో అంతుపట్టని లైన్ అయితే కెర్మిట్. 1981లో కొలంబియా యూనివర్సిటీలో పుట్టింది. ప్రమాదమైన ప్రతి బైటునీ మామూలు అక్షరాల జంటగా మార్చి పంపుతుంది. నెమ్మదిగా వెళ్తుంది కానీ దారి ఎంత పాడైనా చేరుస్తుంది.

పని మొదలుపెడదాం

1. కాటా దగ్గర లారీ లేని వేళ చూసుకోండి. తూకం ప్రోగ్రాము నుంచి బయటికి రండి, ఫైలు తెరిచి ఉండగా కాపీ చేయొద్దు. ఇండికేటరు కేబుల్ ఏ పోర్టులో ఉందో కాగితం మీద రాసుకుని, వీలైతే ఫోటో తీసుకుని అప్పుడు ఊడదీయండి.

2. డాస్ కంప్యూటరుని యూపీఎస్ మీద పెట్టండి. పీకేజిప్ ఉంటే ఫైలుని జిప్ చేయండి. డిస్కు చెడిపోయే స్థితిలో ఉంటే మాత్రం జిప్ కోసం అదనంగా రాయించడం కంటే నేరుగా పంపడం మేలు.

3. డాస్ వైపు టెలిక్స్ లాంటి టెర్మినల్ ప్రోగ్రాము తెరవండి. ఆల్ట్-పీ నొక్కితే వేగం సెట్టింగులు వస్తాయి. 9600, ఎన్, 8, 1 పెట్టండి.

4. ల్యాప్‌టాప్‌లో టెరా టెర్మ్ తెరిచి అవే సెట్టింగులు, ఫ్లో కంట్రోల్ లేదు. పుట్టీలో సీరియల్ కనెక్షన్ ఉన్నా ఫైలు పంపుకునే సౌకర్యం లేదు, దానితో సమయం పోగొట్టుకోకండి. లినక్స్ అయితే మినికామ్, దానితో పాటు ఎల్ఆర్‌జెడ్ఎస్‌జెడ్ ప్యాకేజీ వేసుకోవాలి.

5. రెండు వైపులా ఏవో నాలుగు అక్షరాలు టైపు చేయండి. అటు కొట్టినవి ఇటు, ఇటు కొట్టినవి అటు కనిపించాలి. పిచ్చి గుర్తులు వస్తే వేగం కలవలేదు. ఒక వైపే కనిపిస్తే ఒక వైరు తెగింది.

6. టెలిక్స్‌లో పేజ్-అప్ నొక్కి జెడ్‌మోడెమ్ ఎంచుకుని ఫైలు పేరివ్వండి. టెరా టెర్మ్‌లో ఫైల్ మెనూ, ట్రాన్స్‌ఫర్, జెడ్‌మోడెమ్, రిసీవ్. ముందు 3 కిలోబైట్ల ఫైలు ఒకటి పంపి చూడండి. అది పూర్తిగా వచ్చిందంటే అసలు ఫైలు పంపొచ్చు.

7. అది సవ్యంగా వచ్చాక వేగం 38,400కి పెంచి చూడండి. మా 740 కిలోబైట్లు మూడుంపావు నిమిషాల్లో వచ్చేశాయి. తప్పుల లెక్క పెరుగుతుంటే ఒక మెట్టు దిగండి.

డాస్ వైపు ఏ ప్రోగ్రామూ లేకపోతే

ఫైలుని బయటికి తేవడమే పనైతే ఏ ప్రోగ్రామూ అక్కర్లేదు. ఇందాక చెప్పిన, వైరు ముక్కలతో పిన్నులు కలిపిన కేబుల్ పెట్టి, మోడ్ కమాండుతో 9600 పెట్టి, కాపీ /బీ తూకం.డీబీఎఫ్ కామ్1 అని కొట్టండి. అంతకుముందే ల్యాప్‌టాప్‌లో టెరా టెర్మ్ లాగ్ మొదలుపెట్టి బైనరీ గడిలో టిక్ పెట్టాలి. బైట్లు ఉన్నవి ఉన్నట్టు ఫైలులోకి వస్తాయి. తెర మీద పిచ్చి అక్షరాలు పరుగెడతాయి, పట్టించుకోకండి.

ఇందులో తప్పులు పట్టే ఏర్పాటు లేదు. అందుకే రెండుసార్లు పంపించి, వచ్చిన రెండు ఫైళ్లనీ పోల్చండి. విండోస్‌లో ఎఫ్‌సీ /బీ, లినక్స్‌లో సీఎంపీ. రెండూ ఒకటే అయితే, పరిమాణం కూడా డాస్ చూపించినదే అయితే నిశ్చింతగా ఉండొచ్చు.

లోపలికి పంపడం ఇంకాస్త ఓపిక పని. డాస్‌తో వచ్చే డీబగ్ ప్రోగ్రాము టెక్స్ట్‌ని బైనరీగా మార్చగలదు. ల్యాప్‌టాప్‌లో చిన్న పైథాన్ స్క్రిప్టుతో, మనకి కావలసిన ఎక్స్‌మోడెమ్ ప్రోగ్రాముని ఇలా టెక్స్ట్‌గా మార్చుకోవాలి. మొదటి లైనులో ఎన్, ఫైలు పేరు. తర్వాత ప్రతి లైనులో ఈ అనే అక్షరం, చిరునామా, 16 బైట్లు హెక్స్‌లో (16 ఆధారంగా లెక్కించే అంకెల పద్ధతి). చిరునామా 100తో మొదలై 110, 120 అలా హెక్స్‌లో పెరుగుతుంది. ఆఖర్న ఆర్‌సీఎక్స్ ఒక లైను, మొత్తం పరిమాణం హెక్స్‌లో ఒక లైను, డబ్ల్యూ ఒక లైను, క్యూ ఒక లైను. క్యూ తర్వాత ఎంటరు తప్పనిసరి. అది మరిచిపోతే డీబగ్ బయటికి రాలేక కంప్యూటరు బిగుసుకుపోతుంది. ఇంకో సంగతి, డీబగ్ ఈఎక్స్ఈ పేరుతో ఫైలు రాయదు. వేరే పేరుతో రాయించి తర్వాత పేరు మార్చాలి.

ఇక డాస్‌లో మోడ్ కామ్1:1200,ఎన్,8,1 కొట్టి, కాపీ కామ్1 ఆర్ఎక్స్.టీఎక్స్‌టీ అనండి. వెంటనే ల్యాప్‌టాప్ నుంచి ఆ టెక్స్ట్ ఫైలు పంపి, చివర కంట్రోల్-జెడ్ కొట్టండి. ఇందాక మనల్ని ఇబ్బంది పెట్టిన 26 ఇదే, ఇక్కడ ఫైలు ముగిసిందని చెప్పడానికి పనికొస్తుంది. మధ్యలో నాట్ రెడీ అని అడిగితే ఆర్ నొక్కండి. 1200 ఎందుకంటే కాపీ పోర్టుని తన తీరిక చూసుకుని చదువుతుంది, వేగం పెంచితే అక్షరాలు జారిపోతాయి. 5 కిలోబైట్ల ప్రోగ్రాము ఇలా టెక్స్ట్ అయ్యేసరికి 17 కిలోబైట్లు అవుతుంది, రెండున్నర నిమిషాలు పడుతుంది. వచ్చాక డీబగ్‌కి ఆ ఫైలుని చిన్న బాణం గుర్తుతో (<) అందిస్తే ప్రోగ్రాము తయారు. దానితో పీకేజిప్, టెలిక్స్ లోపలికి రప్పించుకోండి, అక్కడి నుంచి పని సాఫీ. కంప్యూటరులో బేసిక్ ఉంటే కెర్మిట్ వాళ్లు ఇదే పనికి ఇచ్చిన బూ ఫైళ్లు (బైనరీని అక్షరాలుగా మార్చినవి), వాటిని విప్పే చిన్న బేసిక్ ప్రోగ్రాము కూడా ఉన్నాయి.

లినక్స్ నడిచే బోర్డు అయితే ఇంత శ్రమ లేదు. ల్యాప్‌టాప్‌లో ఫైలుని బేస్64గా మార్చండి, ప్రతి 3 బైట్లకి 4 అక్షరాలు అవుతాయి. బోర్డు కన్సోల్‌లో బేస్64 మైనస్ డీ నడిపి, ఫలితాన్ని ఫైలులోకి మళ్లించి, ఆ అక్షరాలన్నీ పేస్ట్ చేసి కంట్రోల్-డీ కొట్టండి. టెరా టెర్మ్ సీరియల్ సెట్టింగుల్లో లైనుకి కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టడం మరవకండి, లేకపోతే బోర్డు అందుకోలేదు.

వచ్చిన ఫైలు సరైనదేనా

జిప్ అయితే ల్యాప్‌టాప్‌లో 7-జిప్‌తో తెరిచి టెస్ట్ నొక్కండి. డాస్‌లో పీకేజిప్ మైనస్ వీ చూపించే సీఆర్‌సీ, 7-జిప్ చూపించే సీఆర్‌సీ ఎనిమిది అంకెలూ అక్షరాలూ కలవాలి. ఎక్స్‌మోడెమ్ చివర చేర్చిన 26లు జిప్‌కి హాని చేయవు. 7-జిప్ చివర్లో అదనపు డేటా ఉందని చెబితే కంగారు పడనక్కర్లేదు.

డీబీఎఫ్ నేరుగా తెచ్చుకుంటే దాని పరిమాణం దాని హెడరే చెబుతుంది. మా ఫైలులో హెడరు 481 బైట్లు, ఒక్కో తూకం 118 బైట్లు, 52,000 తూకాలు, ఆఖర్న ముగింపు గుర్తు 1 బైటు. కూడితే 61,36,482. ఎక్స్‌మోడెమ్‌లో వచ్చిన ఫైలు 61,36,576 ఉంది. మధ్య తేడా 94 బైట్లు, అన్నీ 26లే. 128తో భాగించి చూసి, తేడా ఎక్కడిదో తెలిశాకే ఆ 94 కోసేశాను. ఆ తర్వాత ఫైలు తెరిచి మొదటి తూకం, మధ్యలో ఒకటి, ఆఖరిది తీసి గుమాస్తా గారి చీటీలతో పక్కపక్కన పెట్టి చూశాం. ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ, పెన్ డ్రైవులో ఒకటి, ఓనరు గారి ఇంట్లో కంప్యూటరులో ఒకటి పెట్టించాం.

ఇక్కడితో వెళ్లిపోవద్దు. ఫోటో చూసుకుంటూ ఇండికేటరు కేబుల్ దాని పోర్టులోనే పెట్టండి. మీరు మార్చిన వేగం ఇండికేటరుకి పనికిరాదు, కాబట్టి డాస్ కంప్యూటరుని ఒకసారి రీస్టార్ట్ చేసి తూకం ప్రోగ్రాము తెరవండి. ఆరోజు మధ్యాహ్నం మేం అలా తెరిచేసరికి గేటు దగ్గర ఒక లారీ ఆగి ఉంది. డ్రైవరు దాన్ని కాటా మీదికి ఎక్కించాడు. ఇండికేటరు మీద కనిపించిన బరువే కంప్యూటరు తెర మీదా పడింది. గుమాస్తా గారు చీటీ చింపి డ్రైవరుకిచ్చాక నేను కేబుల్ చుట్టి సంచిలో పెట్టుకున్నాను.